ఏటి రాస్తన్నావప్పా?

అరసవల్లి వెళ్ళే బస్సులో, మార్కెట్లో పూలబుట్టల ముందు, పెళ్ళివారింటి పెరట్లో కూరలు తరిగే చోట, శ్రీకాకుళం ఆడవాళ్ళు ఒకరినొకరు అడక్కుండా ఉండలేని మాట ఒకటుండేది. "ఏటి రాస్తన్నావప్పా, మొహం అలా నిగనిగలాడతంది?" అప్ప, అంటే అక్క, దాచుకునేది కాదు. సామాను పేరు చెప్పేది, ఏ కొట్లో దొరుకుతుందో చెప్పేది, ఎంతవుతుందో చెప్పేది. అక్కడితో వదిలేది కూడా కాదు. "ఉత్తినే రాయకు, మండుతాది. గులాబీ పన్నీట్లో కలుపుకో. మొహం తడిగా ఉన్నప్పుడే రాయి" అని వాడే తీరంతా చెప్పి పంపేది. ఇప్పుడు ఫోను తెరిస్తే పేర్లు కుప్పలుగా వస్తున్నాయి, ఆ రెండో సగమే రావడం లేదు. ఆ పాత సామాన్లనీ, వాటి వెంట వచ్చిన జాగ్రత్తల్నీ ఒక్కచోట రాసిపెట్టాలనిపించింది.

ముందు గ్లిజరిన్. మందుల కొట్లో చిన్న సీసా, అప్పుడూ చవకే, ఇప్పుడూ చవకే. ధనుర్మాసం వచ్చిందంటే చేతులు గీస్తే తెల్లటి గీత పడేది, పెదాలు చిట్లేవి. గ్లిజరిన్‌కి నీటిని పట్టి ఉంచే గుణం ఉంది. గాల్లో తేమ ఉంటే గాల్లోంచి లాక్కుంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు చిక్కగా పూస్తే చర్మం లోపలి తేమనే పైకి లాగేస్తుంది. రాసుకున్నాక ఇంకా బిగుసుకుపోయిందనీ, మండిందనీ చెప్పేవాళ్ళంతా చేసిన పొరపాటు ఇదే. ఒక చెంచా గ్లిజరిన్‌కి మూడు చెంచాల పన్నీరు కలపాలి. మొహం కడిగి, తువ్వాలుతో గట్టిగా తుడవకుండా, చెమ్మ ఉండగానే నాలుగైదు చుక్కలు అరచేతిలో వేసుకుని అద్దాలి. జిగురుగా అనిపిస్తే ఎక్కువైనట్టు. పైన ఒక్క చుక్క కొబ్బరినూనె రాస్తే ఆ తేమ ఎగిరిపోకుండా ఉంటుంది. ఈ మిశ్రమంలో నిమ్మరసం పిండే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉండేది. అది మాత్రం మానేయాల్సిందే. రెండు రోజుల్లో సీసా అడుగున మడ్డి దిగుతుంది, నిమ్మరసం మొహాన ఉండగా ఎండలోకి వెళ్తే నల్లమచ్చలు పడతాయి. కలిపేటప్పుడు సీసా పూర్తిగా ఆరి ఉండాలి. పది పదిహేను రోజులకి సరిపడా కలుపుకుంటే చాలు.

మన జిల్లాకి ఈ సామాన్లు వచ్చిన దారులు కూడా తలుచుకోవాలి. హౌరా నుంచి మద్రాసు వెళ్ళే రైలుమార్గం ఇచ్ఛాపురం దగ్గర జిల్లాలోకి దిగి, పలాస, ఆమదాలవలస మీదుగా సాగుతుంది. ఆ మార్గం పట్టుకుని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వెళ్ళిన కుటుంబాలు ఇటు శ్రీకాకుళంలోనూ, అటు విజయనగరంలోనూ ఎన్నో ఉన్నాయి. వాళ్ళు పండక్కి వచ్చారంటే పెట్టె అడుగున ఆకుపచ్చ బోరోలిన్ క్రీము ట్యూబులు, జబాకుసుమ్ తలనూనె, కియోకార్పిన్ తలనూనె సీసా, కాళ్ళకి పూసే ఎర్రటి ఆల్తా బుడ్డి ఉండేవి. అటు మద్రాసు వైపు నుంచి ఐటెక్స్ కాటుక డబ్బాలూ, తిలకం బుడ్లూ వచ్చేవి. మూడో దారి కొండదారి. సీతంపేట సంతకి సవరలూ, జాతాపులూ గంపల్లో తెచ్చే కుంకుళ్ళు, షీకాయ, తేనెమైనం ఆ దారినే దిగేవి. 2022లో జిల్లాలు విడదీశాక సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది గానీ కుంకుడుకాయ ఇప్పటికీ అక్కణ్ణుంచే దిగుతోంది. విశాఖపట్నం కేంద్రంగా 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కూడా ఏజెన్సీలో ఈ కాయలు కొంటుంది.

బోరోలిన్ 1929లో కలకత్తాలో పుట్టింది. అందులో పనిచేసేవి బోరిక్ ఆసిడ్, జింక్ ఆక్సైడ్, లానోలిన్. లానోలిన్ అంటే గొర్రెబొచ్చు నుంచి తీసే మైనం లాంటి కొవ్వు. అందుకే అది అంత బంకగా ఉంటుంది, అంతసేపు నిలుస్తుంది. పెదాలకీ, ముక్కు అంచులకీ, మోచేతులకీ బఠాణీ గింజంత చాలు. మొహమంతా రాసుకుని వైశాఖం ఎండలో బయల్దేరితే రోడ్డు మీది దుమ్మంతా మొహానికే అంటుకుంటుంది. చలికాలం రాత్రి సామాను అది. చంటిపిల్లలకి ఒళ్ళంతా పులమకూడదు, లోతు పుండ్ల మీద పెట్టకూడదు. బోరిక్ ఆసిడ్ ఎక్కువగా ఒంట్లోకి ఇంకడం మంచిది కాదు.

ఇక కుంకుడుకాయ. దీని దగ్గర కాసేపు ఆగాలి.

శ్రీకాకుళంలో ఇంటింటికీ బోరు వచ్చాక, ఆ ఉప్పునీళ్ళతో తలకి సబ్బు రుద్దుకున్నవాళ్ళకి జుట్టు జిడ్డుగా, బంకబంకగా తయారయ్యేది. సబ్బు కొవ్వుతో చేసిన లవణం. నీళ్ళల్లో సున్నం ఎక్కువుంటే దాంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టే జుట్టుకి పట్టుకుంటుంది, బకెట్టు అంచున గీతలా మిగిలేదీ అదే. కుంకుడు నురగ కాయలోనే ఉండే సాపోనిన్లనే పదార్థాల వల్ల వచ్చేది, సున్నపు నీళ్ళల్లో తెట్టు కట్టదు. ఈ రసాయనం ఎవరూ విడమరిచి చెప్పకపోయినా "బోరునీళ్ళకి కుంకుడే మంచిది" అని మన పెద్దవాళ్ళు చెప్పిన మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

కాయ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. తేనెరంగులో, లోపలి గింజ కదిలితే గలగలమనేలా, పైతోలు ముడతలు పడి కాస్త జిగటగా ఉండాలి. నల్లగా బూజు వాసన వచ్చేవి పాతసరుకు. నడుము దాకా జుట్టుంటే పన్నెండు నుంచి పదిహేను కాయలు, భుజాల దాకా ఐతే ఏడెనిమిది. గచ్చు మీద పెట్టి రాయితో ఒక్క దెబ్బ వెయ్యాలి. దెబ్బ బలంగా పడితే గింజ పగిలి పప్పు రసంలో కలుస్తుంది. తోలు మాత్రమే చిట్లేంత బలం చాలు. నల్లగా మెరిసే ఆ గింజలు పిల్లల ఆటలకి పోయేవి. తోళ్ళని అరలీటరు మరుగునీళ్ళల్లో వేసి మూత పెడితే అరగంటకి మెత్తబడతాయి. వేలు పెడితే ఓర్చుకునే వేడికి వచ్చాక అరచేతులతో రుద్దుతూ పిసకాలి. మొదట సన్నటి బుడగలు లేస్తాయి, తర్వాత పెద్దవి, చివరికి పాలమీగడలా చిక్కటి నురగ గిన్నె అంచు దాటుతుంది. అప్పుడు ఆపి పలచటి నూలుగుడ్డలో వడకట్టాలి. పొందూరు పంచె పాతబడి మెత్తబడ్డాక దాని ముక్క ఈ పనికి ఎంత బాగుంటుందో వాడినవాళ్ళకే తెలుసు. ఈ వడకట్టడం బద్ధకించినవాళ్ళ తలలో సాయంత్రం దాకా కుంకుడు పిప్పి రాలుతూనే ఉండేది.

రసంలో ఒక గ్లాసు గంజి కలిపితే చిక్కబడి కిందికి కారకుండా తలలో నిలుస్తుంది, జుట్టూ చిక్కుపడదు. గంజి లేని రోజున గుప్పెడు మందారాకు నలిపి ఆ జిగురు కలిపేవారు. తలకి పోసేటప్పుడు మూడు విడతలు. మొదటి విడత నూనెని విడదీస్తుంది, దానికి నురగ రాదు. నురగ రాలేదని కంగారుపడి రసమంతా ఒక్కసారే పోసేస్తే రెండో విడతకి మిగలదు. రెండోదానికి నురగ వస్తుంది, మూడోది ఉత్తినే కడుగు. కంట్లో పడితే మాత్రం మామూలు మంట కాదు, కన్ను ఎర్రబడి గంటసేపు నీరు కారుతుంది. అందుకే పిల్లలకి తలంటేటప్పుడు తల వెనక్కి వాల్చి, నుదుటి మీద మడతపెట్టిన గుడ్డ అడ్డంపెట్టేవారు. పడితే రుద్దకుండా చన్నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. మిగిలిన రసం మర్నాటికి పులుస్తుంది, పారబోయాల్సిందే. పులవకముందు, ఆ పూటే ఐతే బంగారు నగలు తోమడానికి పనికొచ్చేది.

షాంపూ ప్యాకెట్ రావడం పెద్ద మార్పే. 1983లో కడలూరు నుంచి మొదలైన చిక్ లాంటి ప్యాకెట్లు కిరాణా కొట్ల ముందు దండల్లా వేలాడేవి. అర్ధరూపాయి ప్యాకెట్‌తో కాలేజీ అమ్మాయిలు వారం మధ్యలో కూడా తలకి పోసుకోగలిగారు, అది చిన్న సుఖం కాదు. దాన్ని నేరుగా నడినెత్తిన పిండితే ఆ ఒక్కచోటే నిలిచిపోయి చివర్లకి అందదు. అర మగ్గు నీళ్ళల్లో కలిపి పోసుకుంటే ఒక్క ప్యాకెట్ పొడుగు జుట్టుకైనా సరిపోయేది. ఈ చిట్కా హాస్టళ్ళల్లో గది గదికీ పాకింది.

కొబ్బరినూనె గురించి ఒక్క మాట. సుమారు 24 డిగ్రీల కిందికి చల్లబడితే అది గడ్డకడుతుంది. పుష్యమాసం పొద్దున్న డబ్బాలో పేరుకుని ఉంటే నూనె పాడైనట్టు కాదు. డబ్బాని వేడినీళ్ళ గిన్నెలో పెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టక్కర్లేదు. అంత చలిలోనూ గడ్డకట్టని నూనె మీదే అనుమానం పడాలి, అందులో ఇంకేదో కలిసినట్టు.

సంక్రాంతి నెల రాగానే సున్నిపిండి పని. ఇంటికో కొలత ఉన్నా, ఎక్కువమంది మెచ్చినది ఇలా ఉండేది: పెసలు కిలో, శనగపప్పు పావుకిలో, బియ్యం 100 గ్రాములు, కస్తూరి పసుపు 50 గ్రాములు, కచ్చూరాలు 50, తుంగముస్తలు 50, వట్టివేళ్ళు 25, నీడలో ఆరబెట్టిన గులాబీ రేకులు రెండు గుప్పిళ్ళు. కస్తూరి పసుపు వేరు, వంటపసుపు వేరు. వంటపసుపు మొహానికి పచ్చగా పట్టి రెండు రోజులు వదలదు. కస్తూరి పసుపు రంగు అంటదు, కర్పూరం లాంటి వాసన వస్తుంది. కొమ్ము విరిచి చూస్తే లోపల ముదురు పసుపు కాకుండా పాలిపోయి ఉంటుంది. కొట్లో దాని పేరు చెప్పి మామూలు పసుపు ఇస్తే ఇలా విరిచి చూసే పట్టుకోవాలి.

సున్నిపిండిలో బావంచాలనే గింజలు వేయాలా వద్దా అనే వాదన ప్రతి ఇంట్లోనూ జరిగేది. వాసన బాగుంటుందని వేసేవారు. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది, ఒక్కోసారి బొబ్బలూ లేస్తాయి. "సున్నిపిండి పడలేదు" అని చెప్పిన వాళ్ళల్లో కొందరికి పడనిది పెసరపిండి కాదు, ఈ బావంచాలే అయ్యుంటుంది. నా లెక్కలో వాటిని వదిలేయడమే మేలు.

దినుసులన్నీ రెండు మూడు ఎండలు గట్టిగా ఎండాలి. వట్టివేళ్ళు విరిస్తే పుటుక్కుమనాలి, వంగితే తడి ఉన్నట్టే, అలాగే ఆడిస్తే నెలలో పురుగు పడుతుంది. ఆ తర్వాత పిండిమర దగ్గర అసలు పరీక్ష. అంతకుముందు కారం ఆడిన మరలో వేస్తే పండగపూట ఇంటిల్లిపాదికీ ఒళ్ళు మంటే. అందుకే పొద్దున్నే, బియ్యం ఆడిన వెంటనే మన వంతు అడగాలి. అది కుదరకపోతే రెండు గుప్పిళ్ళ నూకలు ముందు ఆడించి ఆ పిండి పక్కన పారేయించాలి. తెచ్చాక వెంటనే డబ్బాకి ఎత్తకుండా పేపరు మీద పరిచి వేడి పోనివ్వాలి. జల్లించగా దిగిన మెత్తటిది మొహానికి, పైన మిగిలిన రవ్వ కాళ్ళకీ చేతులకీ. భోగినాడు తెల్లవారకముందు నువ్వులనూనె పట్టించి పావుగంట ఆగి, పిండిని పెరుగులోనో నీళ్ళల్లోనో కలిపి పూసుకుని, సగం ఆరుతుండగా నలుచుకోవాలి. పూర్తిగా ఎండిపోయాక రుద్దితే చర్మం గీసుకుపోతుంది. మొటిమలున్న మొహాన అసలు రుద్దకూడదు, పూసి కడిగేయడమే.

పౌడర్లనీ స్నోలనీ త్వరగా తలుచుకుని వదిలేస్తాను. పాండ్స్ డబ్బా, కుటికూరా డబ్బా ప్రతి అద్దం ముందూ ఉండేవి. మెడమీద తెల్లటి చారలు కట్టకుండా ఉండాలంటే ముందు చెమట పూర్తిగా ఆరాలి, తర్వాత పౌడరు అరచేతుల్లో నలిపి అద్దుకోవాలి. చంటిపిల్లల మొహం దగ్గర డబ్బా దులపకూడదు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎండాకాలం చెమటకాయలకి పౌడరుకంటే గులాబీరంగు కాలమైన్ లోషన్ నయం. సీసా బాగా కుదిపి దూదితో అద్దాలి, కుదపకపోతే పైన తేలే నీళ్ళే రాసుకున్నట్టు. చంకల్లో చెమట వాసనకి పటికముక్క. స్నానం అయ్యాక తడిపి రెండుసార్లు రాస్తే సాయంత్రం దాకా సరిపోతుంది, పదిరూపాయల ముక్క నెలల తరబడి అరగదు. కొత్తగా గీసుకున్న చర్మం మీద పెడితే చురుక్కుమంటుంది.

ఇక తెల్లబడే క్రీముల మాట కూడా చెప్పాలి. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చి, 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. నల్లపిల్లకి పెళ్ళెలా అవుతుందన్న మాట ఎంతమంది అమ్మాయిల మనసు నొప్పించిందో ఆ ట్యూబుల లెక్కే చెప్తుంది. ఏ క్రీమూ పుట్టు రంగుని మార్చలేదు, ఎండకి కమిలిన నలుపు తగ్గించుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. వీటన్నిటికంటే ప్రమాదం ఇంకొకటుంది. దురదకనీ తామరకనీ ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబుని "అది రాయవే, వారంలో తెల్లబడతావు" అని ఒకరికొకరు చెప్పుకోవడం. వారంలో మెరుపు వచ్చిన మాట నిజమే. నెలలు గడిచేసరికి తోలు పలచబడి, ఎర్రటి నరాలు బయటపడి, మొటిమలు, వెంట్రుకలు మొదలవుతాయి, ఆపితే మంట. డాక్టరు చీటీ లేకుండా ఆ ట్యూబు ఎవరిచ్చినా మొహానికి రాయకండి. మన ఆడవాళ్ళు ఇచ్చుకున్న సలహాల్లో నాకు నిజంగా బాధ కలిగించేది ఇదొక్కటే.

కాటుక ఇంట్లో పట్టడం చూసినవాళ్ళు తగ్గిపోతున్నారు. గుంటగలగరాకు దంచిన రసంలో పలచటి నూలుగుడ్డ ముంచి నీడలో ఆరబెట్టాలి. అలా మూడుసార్లు. దాన్ని ఒత్తిగా పేని ఆముదం పోసిన ప్రమిదలో వెలిగించి, అటూ ఇటూ రెండు ఇటుకలు పెట్టి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించేవారు. పళ్ళెం లోపలివైపు చందనం పలచగా పూసి ఆరబెడతారు. మంట కొస పళ్ళేనికి తగిలీ తగలనట్టు ఉండాలి. పళ్ళెం బాగా కిందికుంటే దీపం ఊపిరాడక ఆరిపోతుంది, ఎత్తులో ఉంటే మసి గాల్లోకి పోతుంది. గాలి ఆడని మూల కావాలి. మూడు గంటలయ్యాక పళ్ళెం తిప్పి చూస్తే మధ్యలో ముఖమల్ గుడ్డలా నల్లటి పొర, వేలు తగిలితే చాలు ఊడివస్తుంది. ఊపిరి గట్టిగా వదిలినా ఎగిరిపోతుంది. అందుకని నోటికి కొంగు అడ్డంపెట్టుకుని చెంచా అంచుతో మెల్లగా గీకి, భరిణెలోకి దించి, నెయ్యి ఒక్కొక్క చుక్కే వేస్తూ కలుపుతారు. అరచెంచా మసికి రెండు మూడు చుక్కలు చాలు. నెయ్యి ఎక్కువైతే మధ్యాహ్నానికి కాటుక బుగ్గల మీదికి కారుతుంది. చల్లగా ఉంటుందని కర్పూరం కలిపేవారు, కంటికి అది మంచిది కాదు. భరిణె ఒకరిది ఒకరు వాడితే కళ్ళకలక ఇంట్లో అందరికీ అంటుకుంటుంది. పసిపిల్లల కంట్లో కాటుక పెట్టొద్దని కంటి డాక్టర్లు చెప్తున్నారు కాబట్టి, దిష్టిచుక్క బుగ్గనో అరికాల్లోనో పెడితే సరిపోతుంది. రాయి నూరి చేసే సుర్మా మాత్రం ఎవరికీ వద్దు, అందులో సీసం ఉంటుంది.

తిలకం బుడ్డి పోయి స్టిక్కర్లు వచ్చాక పని తేలికైంది. ప్రతి ఇంటి అద్దం అంచునా, స్నానాల గది తలుపు మీదా వాడిన స్టిక్కర్లు మెరూన్ చుక్కల్లా వరస కట్టి ఉండేవి. మళ్ళీ పెట్టుకోవచ్చని అలా అంటించేవారు. అలా అంటించిన దానికి దుమ్మూ తడీ పట్టి, మళ్ళీ పెట్టుకుంటే దురద వచ్చేది. నుదుట సరిగ్గా బొట్టంత తెల్లమచ్చ పడిన వాళ్ళని మనం చూశాం. కొన్ని రకాల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాలని దెబ్బతీస్తుంది, మచ్చ దానివల్లే. రాత్రి పడుకునేముందు తీసేయడం, ఆ జిగురుని కొబ్బరినూనె దూదితో తుడవడం, దురద మొదలైన రోజే ఆ రకం మానేయడం, ఇవే జాగ్రత్తలు. మచ్చ కనబడితే ఆలస్యం చేయకుండా చర్మం డాక్టరుకి చూపించాలి. కుంకుమలోనూ తేడా ఉంది. పసుపుకి వెలిగారం, పటిక, నిమ్మరసం పట్టించి ఇంట్లో చేసిన కుంకుమ కాస్త ముదురుగా, గరుగ్గా ఉంటుంది. మిఠాయి రంగులా తళతళలాడుతూ నీళ్ళల్లో వేస్తే ఎర్రగా కారిపోయేది రంగుపొడి.

మడమల పగుళ్ళకి సంతలో కొన్న తేనెమైనం. ఒక పాలు మైనానికి నాలుగు పాళ్ళు కొబ్బరినూనె తూచి, నీళ్ళగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, డబ్బాలో పోస్తే పేరుకుంటుంది. ఎండాకాలానికి మూడు పాళ్ళ నూనె చాలు, లేకపోతే డబ్బాలోనే నీరైపోతుంది. రాత్రి గోరువెచ్చటి నీళ్ళల్లో పావుగంట కాళ్ళు పెట్టి, మెత్తబడ్డ తోలుని రాయితో మెల్లగా తోమి, చెమ్మ ఉండగానే ఇది పట్టించి మేజోళ్ళు వేసుకోవాలి. వారం రోజులు వరసగా చేస్తే ఫలితం కనిపిస్తుంది. నెత్తురు కారే పగులుని రాయితో తోమకూడదు. షుగరున్నవాళ్ళు అసలు రాయి ముట్టుకోకుండా డాక్టరుకి చూపించుకోవడం మంచిది.

ఇచ్ఛాపురం, సోంపేట వైపు పెళ్ళిళ్ళల్లో కాళ్ళకి ఆల్తా లేకపోతే వెలితే. పాదాలకి నూనె లేకుండా కడిగి, వేళ్ళ సందుల్లో సైతం తడి లేకుండా తుడిచి, పుల్లకి చుట్టిన దూదితో గీత లాగాలి. తడి ఉంటే గీత పాకిపోతుంది. పది నిమిషాలు పాదం నేలకి ఆన్చకూడదు, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకోవాలి. పట్టుచీరకి ఆ ఎరుపు అంటితే పోదు.

ఆషాఢం వస్తే గోరింటాకు. ముదురాకు కంటే కొసల లేతాకు బాగా పండుతుంది. రోట్లో ఉసిరికాయంత చింతపండు వేసి, నీళ్ళు చిలకరిస్తూ మెత్తగా రుబ్బి, రెండు గంటలు మూతపెట్టి ఉంచాలి. ఆకులోని రంగు ఆ పులుపుకి బయటికి వస్తుంది. నీళ్ళు ఎక్కువైతే ముద్ద కారి, చందమామ కాస్తా అరచేతంతా పాకుతుంది. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు. ఆరుతున్నప్పుడు పంచదార నీళ్ళు దూదితో అద్దితే రాలకుండా పట్టుకుంటుంది. నాలుగైదు గంటలు ఉంచి, కడక్కుండా గీకి తీసి, కొబ్బరినూనె రాయాలి. తీయగానే నారింజ రంగులో ఉందని దిగులు పడనక్కర్లేదు. గాలి తగిలేకొద్దీ ముదురుతుంది, మర్నాటి సాయంత్రానికి అసలు ఎరుపు తెలుస్తుంది. పావుగంటలో నల్లగా పండే కోన్‌లలో జుట్టుకి వేసే రంగుమందు కలుస్తుంది, దానికి చేతులు బొబ్బలెక్కుతాయి. పెళ్ళికి ముందు పెట్టుకోవాలంటే రెండు రోజుల ముందు రాత్రి పెట్టుకోండి, ఆ మర్నాడంతా సబ్బునీళ్ళల్లో చెయ్యి పెట్టకండి.